సిలిండర్‌లో మసి: గీకుడు రేకు నుంచి సీసా మందు దాకా



ఈ మధ్య మన సంఘం కూటాల్లో ఊరి చరిత్ర, గుళ్ల చరిత్ర మాట్లాడుకుంటూ ఉండగానే ఒక ప్రశ్న పక్కనుంచి వచ్చి పడుతోంది. "బండి పాతదైంది, పికప్ లేదు, మైలేజీ పడిపోయింది. ఇంజన్‌లో కార్బన్ పట్టింది, పెట్రోలు ట్యాంకులో ఒక సీసా మందు పోయించుకో అంటున్నారు. పోయించుకోవచ్చా?" పూల మూటలు మార్కెట్టుకు మోసే ఎక్స్ఎల్ బండివాళ్లు అడిగారు. ఆటో నడిపేవాళ్లు అడిగారు. పాత మారుతిని అమ్మలేక, నడపలేక ఉన్న రిటైరైన మాస్టర్లూ అడిగారు.

సీసా ధర కొన్ని వందలు. కారున్న మనిషికి అది పెద్ద మొత్తం కాదు. రోజంతా తిరిగి ఇంటికి నాలుగు వందలు తెచ్చే మనిషికి అది ఒక రోజు సంపాదన. బండి ఆగితే మాత్రం ఒక రోజు కాదు, వారం పోతుంది. అందుకే ఈ సంగతిని తేలిగ్గా తీసిపారేయకూడదని అనుకున్నాం. అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పేకన్నా దీని చరిత్ర మొదటినుంచి చెబితే జవాబు మీకే తెలుస్తుంది. ఈ ప్రశ్నకు నూరేళ్లు దాటాయి. మన హోసూరుకు, పక్కనున్న మైసూరుకు, మద్రాసుకు కూడా ఇందులో భాగం ఉంది.

మసి ఎక్కడినుంచి వస్తుంది

లాంతరు వాడిన ఇళ్లవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. వత్తి ఎక్కువ పైకి తిప్పితే చిమ్నీ నల్లబడుతుంది. నూనె ఎక్కువై గాలి చాలకపోతే మంట పూర్తిగా మండదు, మండని బొగ్గు మసిగా మిగులుతుంది. ఇంజన్‌లోనూ అంతే. పెట్రోలు, డీజిలు రెండూ కర్బనం, ఉదజని కలిసిన నూనెలే. గాలి సరిగ్గా అందితే అవి మండి పొగగొట్టంలోంచి వాయువులుగా పోతాయి. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకున్నా, కార్బురేటర్ ఎక్కువ పెట్రోలు వదిలినా, ప్లగ్గు సరిగ్గా మెరవకపోయినా కొంత మండకుండా మిగులుతుంది.

దీనికి ఇంజన్ ఆయిలు తోడవుతుంది. పాతబడిన రింగుల సందుల్లోంచి కిందినుంచి పైకి, అరిగిన వాల్వ్ గైడుల్లోంచి పైనుంచి కిందికి ఆయిలు కొద్దికొద్దిగా దిగుతుంది. మంట వేడి రెండు వేల డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పిస్టన్ తల ఆ మంట కింద రెండు మూడు వందల డిగ్రీల దగ్గర కాలుతూ ఉంటుంది. ఆ రేకు మీద పడిన ఆయిలు పెనం మీద మాడిన నూనెలా ముందు జిగటగా, తరవాత పెళుసుగా, చివరికి రాయిలా గట్టిపడుతుంది. మెకానిక్కులు కార్బన్ అనేది దీన్నే.

ఇది చేసే చెరుపు మూడు రకాలు. మొదటిది, సిలిండర్ తలలోని ఖాళీని ఇది ఆక్రమిస్తుంది. ఖాళీ తగ్గితే గాలి, పెట్రోలు మరింత గట్టిగా నొక్కుకుపోతాయి. పైగా కార్బన్ వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. ఎర్రగా కాలిన కార్బన్ ముక్క ప్లగ్గు మెరవక ముందే పెట్రోలును అంటిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు లోపల టకటకమని కొట్టుకునే చప్పుడు చాలాసార్లు దీనివల్లే. రెండోది, వాల్వు కూర్చునే చోట కార్బన్ అడ్డుపడితే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది, వాల్వు అంచు కాలిపోతుంది. మూడోది, పిస్టన్ గాడుల్లో చేరిన కార్బన్ రింగులను కదలకుండా పట్టేస్తుంది. రింగు పట్టేస్తే ఆయిలు ఇంకా ఎక్కువగా పైకి వస్తుంది, ఇంకా ఎక్కువ కార్బన్ చేరుతుంది. అప్పు మీద వడ్డీ లాంటిదన్నమాట.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. సిలిండర్ తలలోని కార్బన్ అంతులేకుండా పెరుగుతూ పోదు. కొత్త ఇంజన్‌లో కొన్ని వేల కిలోమీటర్ల దాకా పెరుగుతుంది, ఆ తరవాత చేరేది ఎంతో రాలేది అంతగా ఒక మట్టానికి వచ్చి ఆగుతుంది. కాబట్టి ఇంజన్‌లో కార్బన్ ఉండటమే రోగం కాదు. అది ఎక్కడ ఉంది, ఎంత ఉంది అన్నదే ప్రశ్న.

గీకిన కాలం

మోటారు బండ్లు వచ్చిన తొలి నలభై యాభై ఏళ్లు కార్బన్ తీయడం అనేది రోగానికి మందు కాదు, మామూలు సేవ. ఇంటికి సున్నం కొట్టినట్టు, బావిలో పూడిక తీసినట్టు కొన్ని వేల మైళ్లకు ఒకసారి ఇంజన్ తల విప్పాల్సిందే. అప్పటి పెట్రోలు నాసిరకం, ఆయిలు శుభ్రం చేసే గుణం లేనిది, కార్బురేటర్లు ముతకవి. బండితో వచ్చే పుస్తకంలోనే ఈ పని ఎలా చేయాలో బొమ్మలు వేసి ఉండేది.

పని ఇలా జరిగేది. హెడ్డు నట్లు ఒక వరసలో కొద్దికొద్దిగా వదులు చేసి హెడ్డు ఎత్తాలి. పిస్టన్‌ను పైకి తెచ్చి, చుట్టూ సందులో గ్రీజు గానీ గుడ్డ గానీ పెట్టి, రాలిన పొడి కిందికి పోకుండా చూసుకోవాలి. ఆ తరవాత గీకాలి. అల్యూమినియం పిస్టనైతే ఇనుప రేకు వాడకూడదు, గీతలు పడతాయి. గీత పడినచోటే మళ్లీ ముందుగా కార్బన్ పడుతుంది. అందుకని ఇత్తడి రేకు గానీ గట్టి చెక్క గానీ వాడాలి. వాల్వులు తీసి, గ్రైండింగ్ పేస్టు రాసి, అరచేతుల మధ్య కర్రను మజ్జిగ కవ్వంలా తిప్పుతూ వాల్వు సీటు నూరాలి. చివరికి కిరసనాయిలు పోసి, వాల్వు దగ్గర కారుతుందా లేదా చూడాలి. కారకపోతే పని కుదిరినట్టు. కొత్త గ్యాస్కెట్ వేసి మూయాలి.

మద్రాసు తిరువొత్తియూరులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలై బుల్లెట్టు మన రోడ్ల మీద తిరగడం మొదలెట్టాక, కలకత్తా పక్కన అంబాసడర్, బొంబాయిలో ఫియట్ తయారవుతున్నాక, ఈ పని ప్రతి ఊరి షెడ్డులోనూ నేర్చుకోవాల్సిన మొదటి పెద్ద పనైంది. షెడ్డులో చేరిన కుర్రవాడు మొదటి ఏడు పానాలు అందించేవాడు. ఆ తరవాత గీకడానికి కూర్చోబెట్టేవాళ్లు. వాల్వు నూరడం వచ్చిందంటే మేస్త్రీ పక్కన నిలబడే అర్హత వచ్చినట్టే.

ఆ కాలంలోనే సీసా కూడా ఉంది. 1910లలోనే అమెరికాలో కార్బన్ తీసే ద్రవాలు డబ్బాల్లో అమ్మేవాళ్లు, పత్రికల్లో ప్రకటనలు ఇచ్చేవాళ్లు. రాత్రి ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో పోయాలి, తెల్లారి బండి తీస్తే కార్బన్ అంతా పొగై పోతుందని చెప్పేవాళ్లు. కొన్ని గ్యారేజీల్లో ప్లగ్గు రంధ్రంలోంచి ఆక్సిజన్ పంపి లోపలి కార్బన్‌ను అక్కడే కాల్చేవాళ్లు. అంటే విప్పకుండానే శుభ్రం చేయాలన్న ఆశ ఇప్పటిది కాదు. విప్పడం ఖర్చు, విప్పిన రోజులు బండి లేకపోవడం నష్టం. ఆ రెండింటినీ తప్పించుకోవాలన్న కోరికలోంచే సీసా పుట్టింది.

ఒక విషం కథ

ఇంజన్ కొట్టుకోవడం అప్పటి ఇంజనీర్లను బాగా పీడించింది. దాన్ని ఆపే పదార్థం కోసం జనరల్ మోటార్స్‌లో ఛార్లెస్ కెటరింగ్ కింద పనిచేసిన థామస్ మిడ్జ్‌లీ ఎన్నో పదార్థాలు పరీక్షించి 1921 డిసెంబరులో టెట్రాఇథైల్ లెడ్ దగ్గర ఆగాడు. అంటే సీసం కలిసిన ద్రవం. 1923 ఫిబ్రవరిలో ఒహాయోలోని డేటన్ పట్టణంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. కొట్టుకోవడం తగ్గింది. కానీ మండిన సీసం వాల్వుల మీద, ప్లగ్గుల మీద కొత్త పూతగా పేరుకుంది. ఆ సీసాన్ని బయటికి తోయడానికి ఇథిలీన్ డైబ్రోమైడ్ అనే ఇంకో రసాయనం కలపాల్సి వచ్చింది. ఒక మందు చేసిన చెరుపుకు ఇంకో మందు.

1924లో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఆ సీసపు ద్రవం తయారుచేసే కార్మికుల్లో ఐదుగురు పిచ్చెత్తినట్టై చనిపోయారు. అయినా సీసం డెబ్భై ఏళ్లకు పైగా మన పెట్రోలులో ఉంది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలై, 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసం ఆగింది. పాత బండ్లకు మాత్రం ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ సీసపు పూత మెత్తటి వాల్వు సీట్లను అరగకుండా కాపాడేది. 2000కు ముందటి కొన్ని పాత ఇంజన్లకు గట్టి సీట్లు వేయించాల్సి వచ్చింది అందుకే. కాబట్టి పాత బండిలో కంప్రెషన్ పోయిందంటే ప్రతిసారీ కార్బనే కారణం అనుకోకూడదు. సీటు అరిగి ఉండొచ్చు. అరిగిన ఇనుమును ఏ సీసా మందూ తిరిగి పెంచలేదు.

ఆయిలులో సబ్బు

మందు నిజంగా పనిచేసిన మొదటి పెద్ద సందర్భం పెట్రోలులో కాదు, ఇంజన్ ఆయిలులో. 1930లలో క్యాటర్‌పిల్లర్ కంపెనీ డీజిలు ట్రాక్టర్లు పొలాల్లోకి, రోడ్డు పనుల్లోకి వచ్చాయి. డీజిలు వేడికి అప్పటి ఆయిలు మాడి రింగులను పట్టేసేది. అప్పుడు కాలిఫోర్నియాకు చెందిన స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ఒక లోహపు సబ్బు కలిపిన ఆయిలును 1935 ప్రాంతంలో తయారుచేసి ఇచ్చింది. సబ్బు నీళ్లు జిడ్డును పట్టి తీసుకుపోయినట్టు, ఆ ఆయిలు మసిని గాడుల్లో కూర్చోనివ్వకుండా తనలో తేలేట్టు పట్టి ఉంచింది. ఇప్పుడు మనం కొనే ప్రతి మంచి ఇంజన్ ఆయిలులోనూ ఆ గుణం ఉంది.

ఇందులో మనకు ఒక పాఠం ఉంది. "ఆయిలు వేసిన వెయ్యి కిలోమీటర్లకే నల్లబడింది, నకిలీది" అని చాలామంది అంటారు. నల్లబడటం అంటే అది మసిని పట్టుకుంటోందని అర్థం. గడువుకు ఆ ఆయిలు దించేస్తే దానితోపాటు మసి కూడా పోతుంది. గడువు దాటించి, పైపైన కొత్త ఆయిలు కలుపుతూ పోతేనే అది బురదలా మారి అడుగున కూర్చుంటుంది. అంటే సీసా కొనకుండానే మన బండిలో శుభ్రం చేసే మందు ఒకటి ఎప్పుడూ ఉంది. దాన్ని వేళకు మార్చడమే దాని వాడకం.

మైసూరు, హోసూరు, రెండు స్ట్రోకుల రాజ్యం

1961లో మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం తెరిచారు. చెకోస్లొవేకియా జావా బండ్లు అక్కడ తయారయ్యాయి, 1970లలో వాటికే యెజ్డీ అన్న పేరు వచ్చింది. ఇటు మన హోసూరులో 1970లలో సిప్కాట్ పారిశ్రామిక వాడ వచ్చింది, 1980లో ఇక్కడినుంచే టీవీఎస్ 50 రోడ్డెక్కింది. ఇద్దరు కూర్చోగల మోపెడ్ అది. 49 సీసీల చిన్న ఇంజన్. ఆ బండి ఈ ప్రాంతపు బతుకును ఎంత మార్చిందో మన ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే తెలుస్తుంది. ఎడ్లబండి మీద పోయే మూట మోపెడ్ మీదికి ఎక్కింది. పాల క్యాన్లు, పూల బుట్టలు, కూరగాయల గోతాలు, బడికి పోయే పిల్లలు అన్నీ దాని మీదే. తెలుగు, కన్నడ, తమిళం మూడూ వినిపించే ఈ గడ్డ మీద మనవాళ్లు ఆ బండ్లు తయారుచేసే చోటా పనిచేశారు, వాటిని బాగుచేసే షెడ్లూ పెట్టుకున్నారు.

ఈ బండ్లన్నీ రెండు స్ట్రోకులవి. వాటిలో ఆయిలును పెట్రోలులోనే కలిపి పోయాలి, లీటరుకు 20 నుంచి 40 మిల్లీలీటర్లు. ఆ ఆయిలు పని చేసి మంటలో కాలిపోతుంది. కాలినదంతా పోదు. పొగ బయటికి పోయే రంధ్రం దగ్గర, సైలెన్సర్ లోపల కార్బన్‌గా కూర్చుంటుంది. నాలుగు స్ట్రోకుల బండికి వాల్వులు ఎలాగో, రెండు స్ట్రోకుల బండికి ఆ రంధ్రాలు అలాగ. రంధ్రం సగం మూసుకుంటే బండి ముక్కు మూసుకున్న మనిషిలా ఆయాసపడుతుంది. ఎంత ముడి తిప్పినా వేగం అందదు.

జావా, యెజ్డీ సైలెన్సర్లలో లోపలి గొట్టం బయటికి లాగేలా ఉండేది. దాన్ని తీసి కట్టెల మంటలో ఎర్రగా కాల్చి, తట్టి దులిపి మళ్లీ పెట్టేవాళ్లు. కొందరు కాస్టిక్ సోడా నీళ్లలో రాత్రంతా నానబెట్టేవాళ్లు. ఇనుప గొట్టానికి అది సరిపోతుంది. సిలిండర్‌కు, పిస్టన్‌కు అది తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది. ఈ తేడా తెలిసిన షెడ్డుకూ తెలియని షెడ్డుకూ మధ్య ఒక పిస్టన్ ఖరీదంత దూరం ఉండేది. చేతులు కాలడం, కళ్లలో సోడా చుక్క పడటం కూడా ఆ పనిలో ఉన్న అపాయాలే. ఇంట్లో ఎవరూ చేయవద్దు.

ఆయిలు విషయంలో మనవాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. "నాలుగు చుక్కలు ఎక్కువైతే ఇంజన్‌కు బలం" అని బంకులో కొంచెం ఎక్కువే పోయించుకునేవాళ్లు. అది బలం కాదు, పొగ, కార్బన్. ఇంకొందరు డబ్బు మిగులుతుందని పెట్రోలులో కిరసనాయిలు కలిపేవాళ్లు. కిరసనాయిలు పెట్రోలులా తేలిగ్గా ఆవిరి కాదు, సగం మండి సగం మిగులుతుంది. కొట్టుకోవడం పెరుగుతుంది, కార్బన్ పెరుగుతుంది. పెట్రోలులో మిగిలిన డబ్బు షెడ్డులో పోయేది. 1990ల చివర్లో ఢిల్లీలో రెండు స్ట్రోకుల బండ్లకు బంకులోనే కొలిచి ఆయిలు కలిపి పోయాలన్న నియమం వచ్చింది ఈ పొగ వల్లే. తక్కువ పొగ వచ్చే ఆయిలు కూడా ఆ రోజుల్లోనే తప్పనిసరైంది. 1996లో మైసూరు కర్మాగారం మూతపడింది. 2015లో హోసూరు మోపెడ్‌కు నాలుగు స్ట్రోకుల ఇంజన్ వచ్చింది. రాజ్యం ముగిసింది కానీ ఆ బండ్లు ఇంకా మన వీధుల్లో కొన్ని ఉన్నాయి.

పెట్రోలులోకి వచ్చిన మందు

ఇక పెట్రోలు ట్యాంకులో పోసే మందు సంగతి. 1950లలో అమెరికాలో కార్బురేటర్ సన్న రంధ్రాలు జిడ్డు పట్టకుండా చూసే పదార్థాలు పెట్రోలులో కలపడం మొదలైంది. 1970లో షెవ్రాన్ కంపెనీ పాలీబ్యూటీన్ అమీన్ రకం మందు తెచ్చింది. అది వాల్వుల దాకా శుభ్రం చేసింది కానీ తాను కాలాక సిలిండర్ తలలో కొంత మిగిలింది. తలుపు ఊడ్చి చెత్త ఇంట్లో పోసినట్టన్నమాట. 1980లలో పాలీఈథర్ అమీన్ అనే రకం వచ్చింది. అది వేడిని తట్టుకుని పనిచేసి, సిలిండర్ తలలో కూడా ఎక్కువ మిగలకుండా పోతుంది. ఇప్పటికీ మంచి సీసాల్లో ఉండేది ఇదే.

1980ల నడుమ అమెరికాలో కార్బురేటర్లు పోయి ఇంజెక్టర్లు వచ్చాయి. ఇంజెక్టర్ రంధ్రం వెంట్రుకంత సన్నం. బండి ఆపిన తరవాత ఇంజన్ వేడికి దాని కొనలో మిగిలిన చుక్క పెట్రోలు మాడి రంధ్రాన్ని మూసేది. బండ్లు పెద్ద సంఖ్యలో షెడ్లకు వచ్చాయి. ఆ తరవాత 1995 జనవరి 1 నుంచి అక్కడ అమ్మే పెట్రోలు అంతటిలోనూ శుభ్రం చేసే మందు ఉండాలని చట్టమే వచ్చింది. అది కూడా చాలదని 2004లో బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టొయోటా కలిసి ఇంకా ఎక్కువ మందు ఉండే పెట్రోలుకు టాప్ టియర్ అన్న ప్రమాణం పెట్టాయి.

మన దేశంలో 1983 చివర వచ్చిన మారుతి 800 కార్బురేటర్ బండే. 2000 ప్రాంతంలో కాలుష్య నియమాలతో ఇంజెక్టర్ బండ్లు ఎక్కువయ్యాయి. 2002 నుంచి ప్రభుత్వ చమురు కంపెనీలు స్పీడ్, పవర్ వంటి పేర్లతో మందు కలిపిన పెట్రోలు కొంచెం ఎక్కువ ధరకు అమ్మడం మొదలెట్టాయి. ఇక్కడే మన ఊళ్లో ఒక అపోహ పుట్టింది. ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలూ, శుభ్రం చేసే మందున్న పెట్రోలూ ఒకటే అనుకుంటారు. ఒకటి కాదు. ఆక్టేన్ అంటే కొట్టుకోకుండా ఓర్చుకునే గుణం. మందు అంటే కడిగే గుణం. ఒకే పెట్రోలులో రెండూ ఉండొచ్చు, కానీ ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

సీసా ఎక్కడిదాకా పోతుంది

చరిత్ర అంతా చూశాక జవాబు సులువు. పెట్రోలులో పోసిన మందు పెట్రోలు తడిపే చోటికే పోతుంది. పెట్రోలు పోని చోటికి అది పోలేదు.

ఇంజెక్టర్ కొన, కార్బురేటర్ రంధ్రాలు, పెట్రోలు తడిపే ఇన్‌టేక్ వాల్వు: ఇక్కడ మంచి మందు నిజంగా పనిచేస్తుంది. ఒక్క పూటలో కాదు, ఒకటి రెండు ట్యాంకులు తిరిగేసరికి తేడా తెలుస్తుంది.

పిస్టన్ తల: కొంత పనిచేస్తుంది. ఏళ్ల తరబడి రాయైపోయిన పెచ్చు అంతా కరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు.

పట్టేసిన రింగులు: ట్యాంకులో పోసిన మందు అక్కడికి చేరేది చాలా తక్కువ. దీనికి ప్లగ్గు రంధ్రంలోంచి ద్రవం పోసి నానబెట్టే పద్ధతి వేరు. అది తెలిసిన మేస్త్రీ చేయాలి, ఆ తరవాత తప్పకుండా ఇంజన్ ఆయిలు మార్చాలి. లేకపోతే కిందికి దిగిన ద్రవం ఆయిలును పలచన చేసి బేరింగులను తినేస్తుంది.

రెండు స్ట్రోకుల సైలెన్సర్: సీసాతో కాదు. విప్పాల్సిందే.

నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే కొత్తరకం ఇంజన్ల ఇన్‌టేక్ వాల్వు: ట్యాంకు మందు అక్కడికి అసలు పోదు. వాటిని విప్పి, అక్రోటు చిప్పల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేస్తారు.

అరిగిన రింగు, అరిగిన సీటు, కాలిన వాల్వు: ఏ సీసా మందుతోనూ బాగుకావు.

ఇంజన్ ఆయిలులో కలిపి పది పదిహేను నిమిషాలు నడిపి దించే ఫ్లష్ మందు గురించి ఒక హెచ్చరిక. ఏళ్లుగా ఆయిలు సరిగ్గా మార్చని బండిలో అడుగున బురద ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా కదిలిస్తే అది పోయి ఆయిలు పంపు జల్లెడకు అడ్డుపడుతుంది. ఆయిలు అందక ఇంజన్ పట్టేస్తుంది. అలాంటి బండికి మామూలు మంచి ఆయిలునే సగం గడువుకు రెండు మూడుసార్లు మార్చడం మేలు. నిదానంగా పోయేది నష్టం లేకుండా పోతుంది. కిరసనాయిలు పోసి ఇంజన్ కడగడం అసలే వద్దు.

ఇంకో మాట. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలిసి వస్తోంది. ఇథనాల్ పాత ట్యాంకు గోడల మీది జిడ్డును, తుప్పు పొడిని కదిలిస్తుంది, నీళ్లనూ పీల్చుకుంటుంది. పాత బండిలో పెట్రోలు ఫిల్టరు ఈ మధ్య తరచుగా మూసుకుంటోందంటే ఇంజన్‌లో కార్బన్ అని సీసా కొనకముందు ట్యాంకు అడుగు, ఫిల్టరు, రబ్బరు గొట్టాలు చూపించండి.

మన సభ్యులు చేయాల్సిన వరస

పదిహేనేళ్లు దాటిన సొంత బండికి మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము మోటారు సైకిలుకు 300 నుంచి 1,000 రూపాయలకు, కారుకు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. పొగ పరీక్షలో నిలవాలి. కాబట్టి డబ్బు ఎక్కడ పెడతామో చూసి పెట్టాలి. చవక నుంచి ఖరీదుకు ఇలా పోవాలి.

ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి. తరవాత ప్లగ్గు తీసి చూడండి. లేత గోధుమ రంగుంటే ఇంజన్ బాగున్నట్టు. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, కార్బురేటర్ సరిచేయించండి. తడి జిడ్డు నలుపు ఉంటే ఆయిలు పైకి వస్తోంది. పొగ కూడా చెబుతుంది: నల్ల పొగ పెట్రోలు ఎక్కువని, నాలుగు స్ట్రోకుల బండిలో నీలి పొగ ఆయిలు కాలుతోందని. ఆ తరవాత ట్యాపెట్లు సరిచేయించి కంప్రెషన్ కొలిపించండి. కంప్రెషన్ బాగుండి, ఇంజెక్టర్ బండి తడబడుతూ ఉంటే అప్పుడు పాలీఈథర్ అమీన్ ఉన్న సీసా ఒకటి, దాని మీద రాసిన కొలతకు, ఎక్కువ కాకుండా, నిండు ట్యాంకులో పోసి చూడండి. కంప్రెషన్ పడిపోయి ఉంటే ఆ వందల రూపాయలు సీసాకు పెట్టకండి. అవి హెడ్డు విప్పే కూలిలో భాగమవుతాయి.

సీసా అబద్ధమని మేము అనడం లేదు. సీసాకూ ఇత్తడి రేకుకూ వేరువేరు పనులు ఉన్నాయని నూరేళ్ల అనుభవం చెబుతోంది. ఆ తేడా చెప్పగల మేస్త్రీలు మన షెడ్లలో ఇంకా కొందరు ఉన్నారు, కానీ వాళ్ల తరవాత కూర్చునేవాళ్లు తగ్గిపోతున్నారు. రింగు పట్టేసింది, వాల్వు నూరాలి, సీటు కారుతోంది, ఇంజన్ కొట్టుకుంటోంది అని వాళ్లు చెప్పే ప్రతి మాటా ఒక పరీక్ష ఫలితం. బడిలో తెలుగు దొరకని మన పిల్లలకు ఈ మాటలు ఆ షెడ్లలోనే దొరుకుతాయి.

అందుకే సంఘం తరఫున ఒక పని అనుకుంటున్నాం. మన ఊళ్లలోని పాత మేస్త్రీలు వాడే పనిమాటలు, పనిముట్ల పేర్లు, కార్బన్ తీసిన పద్ధతులు రాసి పెట్టాలి. మైసూరు, బెంగుళూరు, చెన్నై, షోలాపూరు, బరంపురం, యానాం సభ్యులు తమ ఊరి షెడ్డులో ఏమంటారో రాసి పంపండి. ఒకే పనికి మనవాళ్లు ఎన్ని పేర్లు పెట్టుకున్నారో చూద్దాం. ఈ లోపు బండికి ఇంజన్ ఆయిలు మార్చి ఎన్నాళ్లైందో ఒకసారి చూసుకోండి.